రోమన్ కంచు నాణేలపై శాంతి చిహ్నాలు

ప్రాచీన రోమన్ సామ్రాజ్యంలో రోజువారీ చిల్లరగా తిరిగిన కంచు, ఇత్తడి, రాగి నాణేల మీద శాంతిని సూచించే బొమ్మలూ రాతలూ నీరో పాలన చివరి ఏళ్ల నుంచి క్రీ.శ. 340 వరకు, అంటే దాదాపు 275 ఏళ్లపాటు, మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. ఆలివ్ కొమ్మ పట్టుకున్న శాంతిదేవత పాక్స్, తలుపులు మూసిన జానస్ గుడి, ఆయుధాల కుప్పకు అంటిస్తున్న కాగడా, ఒకదానినొకటి పట్టుకున్న రెండు కుడిచేతులు వీటిలో ముఖ్యమైనవి. నాణేల శాస్త్రంలో వీటికి ప్రత్యేక స్థానం ఉంది. ఈ నాణేలు అచ్చయిన సంవత్సరాలను నాటి చరిత్ర పక్కన పెట్టి చూస్తే, శాంతి బొమ్మ ఎక్కువగా వెలువడింది ప్రశాంతంగా గడిచిన కాలంలో కాదని తెలుస్తుంది. ఒక యుద్ధం గెలిచిన మరునాడో, అంతర్యుద్ధం నుంచి బయటపడ్డ తొలి నెలల్లోనో, రాజ్యం చేజారుతున్న దశలోనో టంకశాలలు ఆ బొమ్మను కొట్టాయి. గెలిచినవాడు నెలకొల్పేదే శాంతి అన్న రోమన్ల భావనకూ, పాలకుడు ప్రజలకు ఇవ్వదలచిన భరోసాకూ ఈ నాణేలు సాక్ష్యాలు.

లోహాలు, విలువలు

ఇటలీ మధ్య ప్రాంతంలో కంచు మొదట తూకం మీద మారకద్రవ్యంగా నడిచింది. రూపం లేని కంచు ముద్దలు, ఆ తర్వాత బొమ్మలు వేసిన దిమ్మలు, క్రీ.పూ. 3వ శతాబ్దం తొలి దశాబ్దాల నుంచి పోతపోసిన గుండ్రటి బరువైన నాణేలు వచ్చాయి. వీటికి మూలమైన ‘ఆస్’ మొదట సుమారు 324 గ్రాముల రోమన్ పౌనుకు దగ్గరగా తూగేది. కార్తేజ్‌తో జరిగిన యుద్ధాల ఖర్చు పెరిగేకొద్దీ దాని బరువు తగ్గుతూ పోయింది. క్రీ.పూ. 211 ప్రాంతంలో 10 ఆస్‌ల విలువతో వెండి డెనారియస్ వచ్చింది. తరువాతి శతాబ్దంలో దాని విలువను 16 ఆస్‌లకు మార్చారు.

క్రీ.పూ. 80 ప్రాంతంలో రోమ్ నగరంలో కంచు నాణేల తయారీ ఆగిపోయింది. అగస్టస్ క్రీ.పూ. 23 తరువాత దాన్ని కొత్త పద్ధతిలో మళ్లీ మొదలుపెట్టాడు. పెద్ద విలువల నాణేలైన సెస్టర్షియస్, డుపాండియస్‌లను ఇత్తడితోనూ, ఆస్, క్వాడ్రన్స్‌లను రాగితోనూ చేయించాడు. ఒక బంగారు ఆరియస్‌కు 25 డెనారియస్‌లు, ఒక డెనారియస్‌కు 4 సెస్టర్షియస్‌లు, ఒక సెస్టర్షియస్‌కు 2 డుపాండియస్‌లు లేదా 4 ఆస్‌లు, ఒక ఆస్‌కు 4 క్వాడ్రన్స్‌లు అన్నది లెక్క. సెస్టర్షియస్ దాదాపు 25 గ్రాముల బరువుతో, 32 నుంచి 35 మిల్లీమీటర్ల వెడల్పుతో ఉండేది. ఆ వెడల్పు వల్లనే అచ్చు చెక్కేవారు భవనాలను, గుంపులను, కథా సన్నివేశాలను దానిపై చూపగలిగారు. శాంతి చిహ్నాల్లో బాగా పేరుపొందినవి సెస్టర్షియస్‌ల మీద ఉండటానికి ఇది ఒక కారణం.

ఈ ఇత్తడిని తయారుచేయడానికి రాగిని జింకు ఖనిజంతోనూ బొగ్గుతోనూ కలిపి మూసల్లో మూసి కాల్చేవారు. కొత్తగా కొట్టిన సెస్టర్షియస్ బంగారు ఛాయతో మెరిసేది. ఇప్పుడు మ్యూజియాల్లో కనిపించే ఆకుపచ్చ, నలుపు, గోధుమ రంగులు నేలలో శతాబ్దాలు ఉన్నందువల్ల పట్టిన చిలుము. టైబర్ నది బురదలో దొరికిన కొన్ని నాణేలు మాత్రం నేటికీ పసుపు రంగులోనే ఉన్నాయి.

వీటితో ఏమేమి కొనేవారో పాంపే శిథిలాల గోడరాతలు చెబుతాయి. అక్కడి ఒక మద్యం దుకాణంలో మామూలు ద్రాక్షసారాయి ఒక ఆస్‌కు, కాస్త మంచిది రెండింటికి, మేలురకం ఫలేర్నియన్ నాలుగింటికి అమ్మేవారు. అగస్టస్ కాలంలో కాలిబంటు సైనికుడి జీతం ఏడాదికి 225 డెనారియస్‌లు, అంటే 900 సెస్టర్షియస్‌లు. జీతం, పన్ను, పెద్ద వ్యాపారం వెండిలోనూ బంగారంలోనూ సాగితే, సంతబేరమంతా కంచులో నడిచింది.

తయారీ, ఎస్.సి. ముద్ర

నాణెపు బిళ్లను ముందుగా పోతపోసి, వేడిచేసి, రెండు అచ్చుల మధ్య పెట్టి సుత్తితో కొట్టేవారు. కింది అచ్చు దిమ్మలో స్థిరంగా ఉండేది, పై అచ్చును చేత్తో పట్టుకునేవారు. ప్రతి అచ్చునూ చేత్తోనే చెక్కేవారు కాబట్టి ఒకే రకానికి చెందిన రెండు నాణేల్లో కూడా దేవత ముఖకవళికలు, కొమ్మ మీది ఆకులు, అక్షరాల కూర్పు వేరుగా ఉంటాయి. బొమ్మవైపు చక్రవర్తి తల, చుట్టూ ఆయన పేరు, బిరుదులు ఉండేవి. బొరుసువైపు పాలనా సందేశానికి కేటాయించిన చోటు. నీరో కాలం నుంచి డుపాండియస్‌పై చక్రవర్తికి సూర్యకిరణాల కిరీటం పెట్టే ఆనవాయితీ స్థిరపడింది. ఇంచుమించు ఒకే కొలతలో ఉండే ఆస్‌నూ డుపాండియస్‌నూ వేరుచేసి గుర్తించడానికి అది ఉపకరించేది.

బొరుసువైపు పెద్దగా కనిపించే ఎస్, సి అక్షరాలు ‘సెనెట్ తీర్మానం మేరకు’ అన్న అర్థానికి సంక్షేపం. కంచు నాణేల మీద నిజమైన అధికారం సెనెట్‌దేనా, గౌరవం కోసం ఆ అక్షరాలు వేసేవారా అన్న వాదం పండితుల మధ్య చాలాకాలం నడిచింది. బొమ్మల ఎంపికలో చక్రవర్తి ఆస్థానం ఇష్టం ప్రతిఫలించేదన్న విషయంలో మాత్రం పెద్దగా భేదాభిప్రాయం లేదు.

శాంతిదేవత రూపం

పాక్స్ తొలిసారి నాణెం ఎక్కింది వెండి మీద. క్రీ.పూ. 44లో లూసియస్ ఎమిలియస్ బూకా అనే టంకశాల అధికారి కొట్టించిన క్వినారియస్ బొమ్మవైపు ఆమె తల, బొరుసువైపు కరచాలనం ఉన్నాయి. జూలియస్ సీజర్ హత్య జరిగింది ఆ సంవత్సరమే. క్రీ.పూ. 28లో, ఆక్టియం యుద్ధం గెలిచిన మూడేళ్లకు, అప్పటికింకా ఆక్టేవియన్‌గా పిలుస్తున్న అగస్టస్ ఆసియా రాష్ట్రంలో విడుదల చేసిన పెద్ద వెండి నాణేలపై పాక్స్ నిలువెత్తు రూపంలో కనిపిస్తుంది. రోమ్ టంకశాల కంచు నాణేలపై ఆమె స్థిరపడటానికి మరో వందేళ్లు పట్టింది.

ఆమెకు స్థిరమైన ఆనవాళ్లు కొన్ని ఉన్నాయి. ఆలివ్ కొమ్మ వీటిలో ముఖ్యమైనది. ఆలివ్ చెట్టు కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది కాబట్టి, సైన్యాలు నరికివేయని నేలకు అది గుర్తు. పండ్లూ ధాన్యమూ పొంగిపొర్లే కొమ్ము సమృద్ధిని చెబుతుంది. రెండు పాములు పెనవేసుకున్న దండం రాయబారి చేతిలో ఉండేది, అది చర్చలకు సంకేతం. పొడవాటి రాజదండం అధికారాన్ని సూచిస్తుంది. ఇక తలకిందులుగా పట్టుకున్న కాగడా ఆయుధాలను తగలబెట్టడానికి.

పోలికలు దగ్గరగా ఉండే ఇతర దేవతల నుంచి ఆమెను వేరుచేయడం చూసేవారికి మొదటి పరీక్ష. దూతదండం, సమృద్ధి కొమ్ము కలిసి ఉంటే ఆమె ఎక్కువసార్లు ఫెలిసిటాస్, అంటే సౌభాగ్యదేవత. స్తంభానికి ఆనుకుని తీరికగా నిలబడితే సెక్యూరిటాస్, భద్రతాదేవత. పళ్లెంలోంచి పాముకు ఆహారం పెడుతుంటే సాలుస్, ఆరోగ్యదేవత. రెక్కలూ పూలదండా ఉంటే విజయదేవత. వివరాలు అరిగిపోయిన నాణెంపై నిర్ణయం చెప్పేది చాలాసార్లు చుట్టూ మిగిలిన రెండు మూడు అక్షరాలే.

కలిసిన చేతుల బొమ్మ మరో రకం శాంతిని చెబుతుంది. అది శత్రువుతో కాదు, సొంత సైన్యంతో. 96లో డొమిషియన్ హత్య తరువాత గద్దెనెక్కిన వృద్ధుడు నెర్వా తన నాణేలపై ‘సైన్యాల సామరస్యం’ అన్న రాతతో రెండు చేతులు కలిపి చూపాడు. చంపబడ్డ చక్రవర్తిని సైనికులు ఇంకా మరిచిపోలేదు. మరుసటి ఏడాదే అంగరక్షక దళం నెర్వాను ఆయన సొంత భవనంలోనే చుట్టుముట్టింది.

జానస్ తలుపులు

క్రీ.పూ. 3వ శతాబ్దం చివరి పాదం నుంచి రిపబ్లిక్ కాలపు ఆస్‌పై ఒకవైపు రెండు ముఖాల జానస్ తల, రెండోవైపు ఓడ ముందుభాగం ఉండేవి. జానస్ ద్వారాలకూ ఆరంభాలకూ దేవుడు. ఫోరమ్ దగ్గర ఉన్న ఆయన చిన్న గుడి తలుపులు యుద్ధకాలంలో తెరిచి ఉంచాలని, రాజ్యమంతటా శాంతి ఉన్నప్పుడే మూయాలని ఆచారం. రోమన్ చరిత్రకారుల లెక్కలో న్యూమా రాజు కాలంలో ఒకసారి, మొదటి కార్తేజ్ యుద్ధం తరువాత క్రీ.పూ. 235లో ఒకసారి, ఆపైన అగస్టస్ హయాంలోనే ఆ తలుపులు మూతపడ్డాయి. తన పాలనలో మూడుసార్లు మూయాలని సెనెట్ తీర్మానించిందని అగస్టస్ తన ఆత్మకథన శాసనంలో రాయించుకున్నాడు.

ఆ మూసిన తలుపులను నాణెంపైకి తెచ్చింది నీరో. ఆయన పాలన చివరి ఏళ్లలో రోమ్ లోనూ, గాల్ దేశంలోని లుగ్డునుమ్ (నేటి లియోన్) లోనూ కొట్టిన సెస్టర్షియస్, డుపాండియస్, ఆస్‌లపై చిన్న గుడి, జాలీ కిటికీ, పూలతోరణం కట్టిన జంట తలుపులు స్పష్టంగా కనిపిస్తాయి. చుట్టూ ఉన్న లాటిన్ రాత భావం ఇది: నేల మీదా నీటి మీదా రోమన్ ప్రజలకు శాంతి సమకూర్చి చక్రవర్తి జానస్ గుడిని మూశాడు. గుడి ఆనవాలు నేడు నేల మీద మిగల్లేదు. దాని రూపం మనకు తెలిసేది ప్రధానంగా ఈ చిల్లర నాణేల వల్లనే.

ఆ శాంతి పార్థియాతో కుదిరినది. ఆర్మేనియా సింహాసనం మీద పార్థియన్ రాజవంశీకుడు తిరిదాతెస్ కూర్చోవచ్చు, అయితే కిరీటం నీరో చేతుల మీదుగా అందుకోవాలి అన్నది ఒప్పందం. 66లో తిరిదాతెస్ రోమ్ వచ్చి ఫోరమ్‌లో కిరీటం అందుకున్నాడు. ఈ నాణేల్లో కొన్ని ఆ వేడుకకు ముందే అచ్చయ్యాయని పరిశోధకులు అంచనా కడుతున్నారు. వేడుక జరిగిన సంవత్సరమే జుడేయాలో పెద్ద తిరుగుబాటు రాజుకుంది.

నీరో ఆస్‌లపై కనిపించే మరో కట్టడం అగస్టస్ శాంతి వేదిక, ఆరా పాకిస్. స్పెయిన్, గాల్ ప్రాంతాలను చక్కదిద్ది అగస్టస్ తిరిగివచ్చినప్పుడు క్రీ.పూ. 13 జులై 4న సెనెట్ దాన్ని కట్టాలని తీర్మానించింది. క్రీ.పూ. 9 జనవరి 30న ప్రతిష్ఠ జరిగింది. స్థలం కాంపుస్ మార్షియస్, అంటే యుద్ధదేవుడు మార్స్ పేరిట ఉన్న మైదానం. ఆ పాలరాతి వేదికను 1930ల చివరలో తవ్వి, ముక్కలు కూర్చి నిలబెట్టారు. ఇప్పుడది టైబర్ ఒడ్డున 2006లో తెరిచిన మ్యూజియంలో ఉంది.

నలుగురు చక్రవర్తుల ఏడాది, ఫ్లావియన్ వంశం

68 జూన్‌లో నీరో ఆత్మహత్య చేసుకున్నాక ఏడాదిన్నరలో గాల్బా, ఓతో, విటెలియస్, వెస్పాసియన్ ఒకరి తరువాత ఒకరు సింహాసనం ఎక్కారు. నలుగురి నాణేలపైనా పాక్స్ ఉంది. గాల్బా, విటెలియస్ కంచులో కొట్టించారు. మూడు నెలలే పాలించిన ఓతో రోమ్‌లో కంచు అచ్చువేయించలేదు కానీ, తన బంగారు వెండి నాణేలపై ‘లోకమంతటికీ శాంతి’ అని రాయించాడు. ఆ మాటలు చెలామణిలో ఉండగానే ఇటలీ ఉత్తరాన రోమన్ సైన్యాలు ఒకదాన్నొకటి నరుక్కున్నాయి. నలుగురిలో మిగిలినవాడు వెస్పాసియన్. మాట నిలబెట్టుకునే అవకాశం దక్కింది ఆయనకొక్కడికే.

71లో వెస్పాసియన్ టంకశాల భారీ సంఖ్యలో సెస్టర్షియస్‌లు విడుదల చేసింది. వాటిలో రెండు రకాలను పక్కపక్కన పెట్టి చూడాలి. ఒకదానిపై పాక్స్ కాగడాతో ఆయుధాల కుప్పకు నిప్పు పెడుతోంది. ‘పాక్స్ ఆగస్టి’, అంటే చక్రవర్తి తెచ్చిన శాంతి, అని దాని రాత. రెండోదానిపై ఖర్జూరపు చెట్టు కింద తల వంచుకుని కూర్చున్న స్త్రీ ఉంది. ఆమె ఓడిన జుడేయా. 70లో వెస్పాసియన్ కొడుకు టైటస్ జెరూసలేమ్‌ను కూల్చాడు. ఒకే టంకశాల, ఒకే సంవత్సరం, ఒకే విజయానికి రెండు ముఖాలు. తగలబడుతున్న ఆయుధాలు ఎవరివో రెండో నాణెం చెబుతుంది.

వెస్పాసియన్ 75లో రోమ్‌లో శాంతి ఆలయాన్ని ప్రతిష్ఠించాడు. జెరూసలేమ్ దేవాలయం నుంచి తెచ్చిన బంగారు పాత్రలను అందులో ఉంచారని యూదు చరిత్రకారుడు జోసెఫస్ రాశాడు. రోమ్ నగరపు అందమైన కట్టడాలలో ఒకటిగా పెద్ద ప్లినీ దాన్ని లెక్కించాడు. కొల్లసొమ్ముతో అలంకరించిన గుడిలో శాంతిని కొలవడం ఆ కాలపు రోమన్లకు విడ్డూరంగా తోచలేదు. వెస్పాసియన్ కొడుకులు టైటస్, డొమిషియన్ కూడా ఈ నమూనాలను కొనసాగించారు.

ట్రాజన్ పాదం, హేడ్రియన్ కాగడా

ట్రాజన్ డేసియాపై 101-102లోనూ, 105-106లోనూ రెండు యుద్ధాలు చేసి ఆ దేశాన్ని రాష్ట్రంగా కలుపుకున్నాడు. ఆ కాలపు నాణేల్లో పాక్స్ చేతిలో మామూలుగానే ఆలివ్ కొమ్మ ఉంటుంది, ముఖం శాంతంగానే ఉంటుంది. ఆమె కుడిపాదం మాత్రం డేసియన్ మీద మోపి ఉంటుంది. రోమన్ శాంతి భావనను ఇంత నేరుగా చెప్పిన బొమ్మ నాణేల్లో అరుదు. శాంతి, విజయం వేర్వేరు దేవతలుగా ఉన్నా ఇక్కడ ఒకరి పని మరొకరు చేస్తున్నారు.

117లో అధికారానికి వచ్చిన హేడ్రియన్, ట్రాజన్ తూర్పున గెలిచిన ప్రాంతాలను వదులుకుని సరిహద్దులను గట్టిపరిచే దారి పట్టాడు. 118లో ఆయన ఖజానాకు రావలసిన పాత బకాయిలు 90 కోట్ల సెస్టర్షియస్‌లను రద్దుచేసి, ఆ పత్రాలను బహిరంగంగా తగలబెట్టించాడు. ఆ సందర్భంగా కొట్టిన సెస్టర్షియస్‌పై ఒక అధికారి కాగడాతో పత్రాల కుప్పకు నిప్పు పెడుతుంటే పౌరులు చూస్తుంటారు. మొత్తం సొమ్ము అంకె కూడా రాతలో ఉంది. వెస్పాసియన్ కాలం నుంచి ఆయుధాలను కాల్చిన కాగడా ఇక్కడ అప్పుపత్రాలను కాల్చింది. దీనిపై పాక్స్ పేరు లేకపోయినా, దేశం లోపలి ప్రశాంతతకు ఇంతకన్నా స్పష్టమైన చిత్రం రోమన్ కంచుపై మరొకటి దొరకదు.

ఆంటొనైనస్ పయస్ పాలనలో (138-161) పాక్స్ అప్పుడప్పుడు కనిపించినా ఆమెకు తొందర లేదు. డాన్యూబ్ అవతలి జాతులతో పోరాటంలో కూరుకున్న మార్కస్ అరీలియస్ 177 ప్రాంతంలో ఆయుధాలు కాలుస్తున్న పాక్స్‌ను ‘నిత్యశాంతి’ అన్న పేరుతో మళ్లీ అచ్చువేయించాడు. మరుసటి ఏడాది ఆయన తిరిగి యుద్ధరంగానికి వెళ్లవలసి వచ్చింది. 180లో అక్కడే కన్నుమూశాడు.

మూడో శతాబ్దం: పలచబడిన వెండి, పెరిగిన శాంతి

235 నుంచి 284 వరకు సాగిన సంక్షోభంలో పాక్స్ ఉన్న నాణేల సంఖ్య ఒక్కసారిగా పెరిగింది. 244లో పర్షియా మీదికి వెళ్లిన మూడో గోర్డియన్ మరణించగా, తరువాత వచ్చిన అరబ్ ఫిలిప్ ససానియన్ రాజు మొదటి షాపూర్‌తో సంధి చేసుకున్నాడు. ‘పర్షియన్లతో శాంతి నెలకొంది’ అని నాణేలపై ప్రకటించాడు. షాపూర్ శాసనం అదే సంధిని తన వైపు నుంచి చెబుతూ, ఫిలిప్ 5 లక్షల దినార్లు చెల్లించుకున్నాడని నమోదు చేసింది. నాణెం చెప్పని ధర రాయి చెప్పింది.

ఈ దశలో ‘కంచు నాణెం’ అన్న వర్గమే మారిపోయింది. 215లో కరకల్లా రెండు డెనారియస్‌ల ముఖవిలువతో తెచ్చిన వెండి నాణెం, ఇప్పుడు ఆంటోనినియానస్ అని పిలిచేది, యుద్ధ ఖర్చుల కోసం వెండి తగ్గించగా తగ్గించగా 260ల చివరికి నూటికి అయిదు పాళ్ల వెండి కూడా లేని కంచుబిళ్లగా మిగిలింది. పైన పలచటి వెండిపూత ఉండేది, అదీ కొన్నాళ్లకు పోయేది. దాని దెబ్బకు అసలైన పెద్ద సెస్టర్షియస్ తయారీ గిట్టుబాటు కాక ఆగిపోయింది. ఈ పూత నాణేలపై ‘పాక్స్ ఆగస్టి’కి సంక్షేపమైన ‘పాక్స్ ఆగ్’ అన్న రాత లక్షల సంఖ్యలో వెలువడింది. గాల్ ప్రాంతంలో వేరుపడిన పోస్టుమస్, విక్టోరినస్, టెట్రికస్‌లూ రోమ్‌లోని చక్రవర్తులతో పోటీగా అదే దేవతను కొట్టించారు. రాజ్యం మూడు ముక్కలై ఉన్న ఆ రోజుల్లోనే రోమ్ చక్రవర్తి గాలియెనస్ ఒక బంగారు నాణెంపై ‘అంతటా శాంతి’ అని వేయించాడు. చిల్లర కొరతకు స్థానికంగా చేసుకున్న మొరటు నకళ్లలో పాక్స్ కొన్ని గీతలుగా, రాత అర్థంలేని అక్షరాలుగా మిగిలింది.

బ్రిటన్‌లో 286లో స్వయంగా చక్రవర్తినని ప్రకటించుకున్న నౌకాదళాధిపతి కరౌసియస్ నాణేల్లో అన్నింటికన్నా ఎక్కువగా కనిపించే బొరుసు పాక్స్. రోమ్ చక్రవర్తి మాక్సిమియన్ తనపై చేసిన దాడి విఫలమయ్యాక ఆయన మరో అడుగు వేశాడు. ‘ఆగ్’ బదులు మూడు ‘జి’లతో ‘ఆగ్గ్గ్’ అని రాయించి, అప్పటి చక్రవర్తులు డయోక్లిషియన్, మాక్సిమియన్‌లతో పాటు తానూ మూడో చట్టబద్ధమైన చక్రవర్తినని సూచించాడు. కొన్నింటిపై ముగ్గురి తలలూ వరుసగా చెక్కించి, వారిని తన సోదరులని పిలిచాడు. అవతలి ఇద్దరూ ఆ బంధుత్వాన్ని ఎన్నడూ ఒప్పుకోలేదు. 293లో సొంత మంత్రి అల్లెక్టస్ ఆయన్ను చంపించాడు. 2010లో ఇంగ్లండ్‌లోని సోమర్సెట్ ప్రాంతం ఫ్రోమ్ దగ్గర ఒకే మట్టికుండలో బయటపడిన 52,503 నాణేల నిధి ఈ కాలానిదే. అందులో కరౌసియస్ నాణేలు వందల సంఖ్యలో ఉన్నాయి.

నాలుగో శతాబ్దం

డయోక్లిషియన్ 294 ప్రాంతంలో వెండి కొద్దిగా కలిసిన పెద్ద కంచు నాణేన్ని ప్రవేశపెట్టి నాణేల వ్యవస్థను సరిదిద్దాలని చూశాడు. దానిపై రోమన్ ప్రజల రక్షక దేవత బొమ్మ స్థిరపడింది. కాన్‌స్టంటైన్ 320 తరువాత వేదికపై భూగోళం ఉన్న చిన్న కంచు నాణేలను లండన్, ట్రియర్, లియోన్ టంకశాలల్లో కొట్టించి ‘ఆనందమయ ప్రశాంతత’ అని రాయించాడు. దేవత రూపం లేకుండా శాంతిని ఒక స్థితిగా చూపిన ఈ నమూనా కొత్తది. 324లో ఆయన సహచక్రవర్తి లిసినియస్‌తో తుదియుద్ధం చేసి రాజ్యమంతటికీ ఏకైక పాలకుడయ్యాడు.

కంచుపై పాక్స్ చివరిసారి విరివిగా కనిపించేది కాన్‌స్టంటైన్ తల్లి హెలెనా పేరుతో 337-340 మధ్య వెలువడిన చిన్న నాణేల్లో. హెలెనా అప్పటికి చనిపోయి ఏళ్లయింది. ‘ప్రజాశాంతి’ అన్న రాత, కొమ్మ పట్టుకున్న దేవత వాటిపై ఉన్నాయి. 337లో కాన్‌స్టంటైన్ మరణించగానే రాజకుటుంబంలోని మగవారిలో అనేకులను సైనికులు నరికివేశారు. 340లో ఆయన కొడుకులు ఇద్దరు పరస్పరం యుద్ధానికి దిగి, ఒకరు హతమయ్యారు. ఆ తరువాత కంచుపై పడిపోయిన శత్రువును పొడుస్తున్న సైనికుడు, విజయదేవత, క్రైస్తవ చిహ్నాలు ముందుకు వచ్చాయి. ఇంటా బయటా శాంతిని పలికిన పాత దేవత వెనక్కి తగ్గింది.

ఎవరు చూశారు?

చదువురాని రైతు, దుకాణదారు, సైనికుడు ఈ బొమ్మలను పట్టించుకున్నారా అన్న ప్రశ్న 20వ శతాబ్దం మధ్యలో గట్టిగా చర్చకు వచ్చింది. ఆధునిక తపాలా బిళ్లలపై బొమ్మలకు మించిన ప్రభావం నాణేల బొమ్మలకు లేదని చరిత్రకారుడు ఎ.హెచ్.ఎం. జోన్స్ వాదించగా, నాణేల పండితుడు సదర్లాండ్ దాన్ని ఖండించాడు. ప్రజలు బొమ్మలను గమనించేవారన్న వాదన పక్షాన పురాతన సాక్ష్యాలు కొన్ని ఉన్నాయి. తత్వవేత్త ఎపిక్టెటస్ మనిషి స్వభావాన్ని వివరిస్తూ సెస్టర్షియస్‌నే ఉదాహరణగా తీసుకున్నాడు. దానిపై ఉన్నది ట్రాజన్ ముద్ర అయితే ఉంచుకోవచ్చునని, నీరోది అయితే పారేయాలని ఆయన చెప్పిన తీరు, వినేవారు నాణెం ముఖం చూస్తారన్న నమ్మకం మీద ఆధారపడింది. 68లో గాల్ ప్రాంతపు తిరుగుబాటుదారులు నీరో కంచు నాణేలను కరిగించకుండా, ఆయన మెడ మీద ‘సెనెట్, రోమన్ ప్రజలు’ అన్న అర్థమిచ్చే అక్షరాలను గుద్ది మళ్లీ చెలామణిలోకి వదిలారు. చూసేవారు ఉంటేనే అలా గుద్దడంలో ప్రయోజనం ఉంటుంది.

తెలుగు నేలతో సంబంధం

రోమన్ నాణేలు ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాల్లో దొరికాయి, కానీ అవి ముఖ్యంగా వెండి, బంగారు నాణేలు. నల్గొండ జిల్లా అక్కెనపల్లి నిధిలో పదిహేను వందలకు పైగా డెనారియస్‌లు ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం అగస్టస్, టైబీరియస్‌లవి, వాటిని చూసి చేసిన నకళ్లు కూడా ఉన్నాయి. నాగార్జునకొండ తవ్వకాల్లో రోమన్ బంగారు నాణేలు బయటపడ్డాయి. టైబీరియస్ డెనారియస్ బొరుసువైపు కొమ్మ పట్టుకుని కుర్చీపై కూర్చున్న స్త్రీ ఉంటుంది. ఆమెను పాక్స్ రూపంలో ఉన్న రాజమాత లివియాగా చాలామంది పండితులు గుర్తించారు. ఆ లెక్కన రోమన్ శాంతి కొమ్మ శాతవాహనుల సీమకు వెండి మీద చేరింది.

కంచు ఎందుకు రాలేదన్నది ఆలోచిస్తే రోమన్ చిల్లర స్వభావం అర్థమవుతుంది. సెస్టర్షియస్ విలువ దాని లోహానికి కాక, రోమన్ ప్రభుత్వం దాన్ని అంగీకరిస్తుందన్న హామీకి కట్టుబడి ఉంది. ఆ ప్రభుత్వం లేనిచోట అది తూకానికి సరిపడే ఇత్తడి మాత్రమే. వెండి బంగారాలు ఎక్కడైనా తూకానికి చెల్లుతాయి. భారతదేశానికి ఏటా 5 కోట్ల సెస్టర్షియస్‌లు తరలిపోతున్నాయని పెద్ద ప్లినీ వాపోయాడు. అక్కడ సెస్టర్షియస్ లెక్కకు వాడిన కొలత, ఓడలెక్కిన నాణెం కాదు. నాలుగు, అయిదు శతాబ్దాల చిన్న కంచు నాణేలు మాత్రం తమిళనాడు, శ్రీలంకల్లో పెద్ద సంఖ్యలో దొరికాయి.

సేకరణ, నకిలీలు, భద్రత

యూరప్ పునరుజ్జీవన కాలంలో సెస్టర్షియస్‌లు పండితులకూ రాజులకూ ప్రియమైన సేకరణ వస్తువులయ్యాయి. పాదువా నగరానికి చెందిన జొవాన్ని దా కవీనో (1500-1570) వాటికి ఎంతో నేర్పుతో నకళ్లు చేశాడు. ‘పాదువన్లు’గా పిలిచే ఆ నకళ్లను నేడు మ్యూజియాలు విడిగా సేకరిస్తాయి. వియన్నాలో పనిచేసిన జోసెఫ్ ఎకెల్ 18వ శతాబ్దం చివర ప్రాచీన నాణేల అధ్యయనానికి శాస్త్రీయ క్రమం కల్పించాడు. 1923లో తొలి సంపుటం వెలువడిన బ్రిటిష్ జాబితా రోమన్ చక్రవర్తుల నాణేలకు నేటికీ ప్రామాణిక సూచిక.

కంచు నాణేలకు పెద్ద ముప్పు క్లోరైడ్ లవణాలు తేమతో కలిసి చేసే క్షయం. లేత ఆకుపచ్చ పొడి రాలడం దాని గుర్తు. అలాంటి నాణేన్ని వెంటనే మిగతావాటి నుంచి విడదీసి, తేమలేని చోట ఉంచి, నిపుణులతో శుద్ధి చేయించాలి. ఆమ్లాలతోనో చింతపండుతోనో తోమితే చిలుముతో పాటు బొమ్మ అంచులూ పోతాయి, కాలాన్ని నిర్ణయించే ఆధారమూ పోతుంది.

ప్రభావం

రోమన్ కంచు నుంచి నేటి నాణేలకు సంక్రమించిన రూపాల్లో బ్రిటానియా ఒకటి. హేడ్రియన్, ఆంటొనైనస్ పయస్ నాణేలపై ఆమె రోమ్‌కు లొంగిన బ్రిటన్ రాష్ట్రానికి ప్రతిరూపం. 1672లో ఇంగ్లండ్ రాగి అర్ధపెన్నీపై ఆమె దేశానికే ప్రతీకగా తిరిగి వచ్చినప్పుడు ఒక చేతిలో ఆలివ్ కొమ్మ, మరో చేతిలో ఈటె ఉన్నాయి. వెస్పాసియన్ రెండు వేర్వేరు నాణేలపై చూపిన శాంతి, బలం ఆ అర్ధపెన్నీలో ఒకే స్త్రీ చేతికి వచ్చాయి. అందువల్ల ఆలివ్ కొమ్మ ఉన్న రోమన్ నాణేన్ని వర్గీకరించేటప్పుడు పండితులు దేవత పేరుతో ఆగరు. ఆ నాణెం ఏ నెలల్లో ఏ టంకశాలలో అచ్చయిందో, అప్పుడు సైన్యాలు ఎక్కడున్నాయో, ఓడినవారెవరో కూడా కలిపి చదువుతారు.